ఎర్రను ముట్టని చేప: ట్రౌట్, ఫ్లై గాలం, మన చెరువు

రోహిణి కార్తె చివర్లోనో మృగశిర మొదట్లోనో తొలి వాన దంచికొట్టి వెలిసిన సాయంత్రం మా వైపు ఊళ్లలో ఉసిళ్లు లేస్తాయి. పుట్టలోంచి పొగ లేచినట్టు వచ్చి, వీధి దీపం చుట్టూ తిరిగి తిరిగి, రెక్కలు రాల్చుకుని నేల మీద పాకుతాయి. దీపం కింద తాంబాళంలో నీళ్లు పెట్టి పిల్లలు వాటిని పడతారు. అవి లేచిన మర్నాడు తెల్లారగట్ల, నాకు పదేళ్లప్పుడు, చిన్నాయినతో చెరువుకు పోయాను. ఒడ్డంతా రెక్కలే. నీళ్ల మీద సగం చచ్చిన ఉసిళ్లు తేలుతున్నాయి. వాటి పక్కన చిన్న చిన్న సుడులు. పరక చేపలు కింది నుంచి వచ్చి చిటుక్కున అందుకుని పోతున్నాయి. మేమేమో కొబ్బరి చిప్పెడు ఎర్రలు తవ్వి తెచ్చుకున్నాం. రెండు గంటలు కూర్చున్నా బెండు కదల్లేదు. చిన్నాయిన బీడీ ఆర్పేసి, "ఇయ్యాల ఇగ ముట్టయిరా. పైన పండుగ నడుస్తాంది, కింద మన ఎర్రను ఎవడు జూస్తడు?" అని కర్రకు దారం చుట్టేశాడు.

బొమ్మ పురుగుతో చేపను పట్టే ఫ్లై ఫిషింగ్ అనే విద్యకు మూలం ఆ మాటలోనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది. అదీ మూడు రోజులు ఒక్క చేప కూడా పడక, పరువు పోయాక.

కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడ మనాలీ బస్సెక్కి ఔట్ దగ్గర దిగి, లోపలికి పోతే తీర్థన్ లోయ. హిమాచల్‌లో కులు జిల్లా. పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లో పుట్టిన తీర్థన్ నది లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. గోదావరి చూసిన కళ్లకు అది నదిలా కనబడదు, పెద్ద వాగులా ఉంటుంది. నీళ్లు మాత్రం అద్దం. మోకాలి లోతులో గులకరాయి మీది చార కూడా కనిపిస్తుంది. ఆ నీళ్లలో ట్రౌట్ ఉంది, చల్లటి కొండ నీళ్లలో బతికే చేప. నేను చూస్తుండగానే ఉంది. నా ఫ్లై దాని ముక్కు ముందు నుంచి పోయినా అది కన్నెత్తి చూడలేదు.

వచ్చాక ఊళ్లో చెబితే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈగకు చాప పడతదా?" ఫ్లై అంటే ఇంట్లో అన్నం మీద వాలే ఈగ కాదు. హుక్కుకు దారం, ఈక, బొచ్చు చుట్టి చేసిన బొమ్మ పురుగు. చాలావాటిని గోరు మీద పెట్టుకోవచ్చు. దాన్ని ముప్పై అడుగుల అవతలికి ఎలా విసురుతారు, చేప దాన్ని ఎందుకు నమ్ముతుంది, ఎందుకు నమ్మదు, మన దగ్గర ఆ చేపలు ఎందుకు లేవు అనేవి వేరువేరు ప్రశ్నల్లా ఉంటాయి. నిజానికి అన్నీ ఒకే ముడికి కట్టిన దారాలు. చల్లటి పరుగు నీళ్లలో బతికే చేప, ఆ నీళ్లు మోసుకొచ్చింది తింటుంది. అదే ఆ ముడి.

బరువు దారంలో ఉంది

మన గాలంలో బరువు కొనకు ఉంటుంది. సీసం గుండో, ఎరో, రబ్బరు కప్పో ముందుకు ఎగురుతూ వెనక సన్నటి నైలాన్ దారాన్ని లాక్కుపోతుంది. రాయికి దారం కట్టి విసిరినట్టు. ఫ్లైకి బరువే ఉండదు. దాన్ని విసరడమంటే కోడి ఈకను విసరడమే, మన కాళ్ల ముందే పడుతుంది.

అందుకని బరువును ఎరలోంచి తీసి దారంలో పెట్టారు. ఫ్లై లైన్ లావుగా, ప్లాస్టిక్ పూతతో, మామూలుగా 27 మీటర్ల పొడవుంటుంది. బరువును బట్టి వీటికి నంబర్లు ఇస్తారు. ట్రౌట్‌కు ఎక్కువమంది వాడే 5వ నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు 9 గ్రాములు తూగాలని లెక్క. తులం బంగారానికి కాస్త తక్కువ. విసిరేది ఆ తొమ్మిది గ్రాములనే. దాని కొసన ఫ్లై ఊరికే వెంట పోతుంది, బండి వెనక పరుగెత్తే కుక్కపిల్లలా.

దారాన్ని విసరడం ఎలా? చెర్నకోల ఝళిపించడం చూసినవాళ్లకు ఇది సగం తెలిసినట్టే. కర్రను వెనక్కి లాగితే లైన్ వెనక గాల్లో వంపు తిరిగి, చాప విప్పినట్టు విచ్చుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్నాక అది కర్రను వెనక్కి వంచుతుంది. ఆ క్షణంలో ముందుకు తోస్తే, వంగిన కర్ర తన బలమంతా లైన్‌కు ఇచ్చి ముందుకు పంపుతుంది. కష్టం చేతి బలంలో లేదు, మధ్యలో ఆగడంలో ఉంది. వెనక్కి లాగాక ఆగాలి. లైన్ ఇంకా విచ్చుకోకముందే తొందరపడి ముందుకు కొడితే కొరడా దెబ్బలా టప్పున మోగుతుంది. ఫ్లై తెగి ఎటో పోతుంది.

పోయే ముందు హన్మకొండలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే హుక్కు బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టి ప్రాక్టీసు చేశాను. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి రెండు రౌండ్లు చూసి, మూడో రౌండ్‌లో ఆగి అడిగాడు: "పతంగి ఏది సార్?"

లావు లైన్ నీళ్ల మీద పడితే చప్పుడవుతుంది, చేపకు కనబడుతుంది. అందుకని దాని కొసకు తొమ్మిది అడుగుల దాకా ఉండే లీడర్ కడతారు. పోను పోను సన్నబడే నైలాన్ అది. చివరి ముక్క 0.15 మిల్లీమీటర్లు, అంటే రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. దాన్ని టిప్పెట్ అంటారు. కిలో చేప తగిలినా ఆ పోగు తెగకుండా చూసుకోవాలి. పొడవాటి కర్ర మెత్తగా వంగేది అందుకే.

విసరడం వారంలో పట్టుబడుతుంది. నా మూడు రోజులు పోయింది అక్కడ కాదు.

కదలని చేప, కదిలే అంగడి

చెరువులో చేప తిండి వెతుక్కుంటూ తిరగాలి. పరుగు నీళ్లలో తిండే తిరుగుతూ వస్తుంది. ట్రౌట్ ఆ వరదకు ఎదురు తిరిగి నిలబడి కనిపెట్టుకుని ఉంటుంది. కానీ ఉధృతంలో ఊరికే నిలబడటానికి కూడా శక్తి కావాలి. తిన్నదానికంటే ఈదడానికి అయిన ఖర్చు ఎక్కువైతే చేప చిక్కిపోతుంది. కాబట్టి అది రాయి చాటున, నీరు నెమ్మదించిన చోట ఉంటుంది. పక్కనే వేగంగా పోయే పాయ కొట్టుకొచ్చే పురుగులను మెడ తిప్పినంత సులువుగా అందుకుని మళ్లీ చాటుకు వస్తుంది. హన్మకొండ చౌరస్తాలో పల్లీల బండి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి ట్రౌట్ ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. జనం తొక్కిడిలో కాదు, దానికి ఆనుకుని. మంచి చోటు పెద్ద చేపది. దాన్ని పట్టేస్తే ఆ తర్వాతిది ఆ చోటికి వస్తుంది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, వరదలో వచ్చే అసలు పురుగుకు సొంత వేగం ఉండదు. నీరు ఎంత వేగంగా పోతే అదీ అంతే. నా ఫ్లైకి మాత్రం వెనక ముప్పై అడుగుల లైన్ కట్టి ఉంది. నాకూ చేపకూ మధ్య నీళ్లు మూడు నాలుగు రకాల వేగాలతో పోతున్నాయి. మధ్యలోని వడి పాయ లైన్‌ను ముందుకు తోసి విల్లులా వంచుతుంది, ఆ వంపు ఫ్లైని గుంజుతుంది. దీన్నే డ్రాగ్ అంటారు. గుంజుడు అంటే సరిపోతుంది. పైనుంచి చూసే మనకు ఫ్లై చక్కగా తేలుతున్నట్టే ఉంటుంది. చేపకు మాత్రం చచ్చిన పురుగు వరదను దాటి పరుగెత్తినట్టు కనబడుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం గైడ్ నా పక్కన రాయి మీద కూర్చుని, ఏమీ అనకుండా, ఎండిన దేవదారు ఆకు ఒకటి గిల్లి నా ఫ్లై పడిన చోటే వేశాడు. సూదిలాంటి ఆకు. రెండూ పక్కపక్కనే బయల్దేరాయి. జానెడు దూరం జంటగా పోయాయి. తర్వాత ఫ్లై ఆకును వదిలేసి పక్కకు జారుతూ ముందుకు పోయింది. వెనక సన్నటి గీత, నీళ్ల మీద గోరుతో గీసినట్టు. ఆకు తన దారిన తాను రాయి పక్కగా పోయింది. అక్కడ ఒక మూతి లేచి దాన్ని నోట్లోకి తీసుకుని, ఆకు అని తెలిసి ఉమ్మేసింది.

నాలుగు వందల రూపాయల ఫ్లైల డబ్బాను కాదని చెత్త ఆకును రుచి చూసింది చేప! అప్పుడు అర్థమైంది, తప్పు నా చేతిది. ముప్పై ఏళ్లుగా ఈ చేతికి నేర్పింది ఎరను కదిలించడం. కొర్రమట్ట కోసమైతే గాలానికి కప్పను కట్టి తూటాకు మీంచి ఈడ్చాలి. ఆపి, మళ్లీ ఒక్క కుదుపు ఇవ్వాలి. ఆ కదలిక చూసే అది నీళ్లు పగలగొట్టుకుని వచ్చి పడుతుంది. కొర్రమట్ట దగ్గర నేను ఎరకు ప్రాణం పోయాలి. ట్రౌట్ దగ్గర ఎర చచ్చినట్టు పోవాలి, నేను అడ్డు రాకూడదు.

దీనికి మందు ఉంది. లైన్ నీళ్ల మీద పడగానే కర్ర కొసతో దాని నడుమును ఎత్తి వడికి ఎదురుగా మళ్లీ పరచాలి. దాన్ని మెండింగ్ అంటారు. వడి ఆ వంపును సరిచేసి మళ్లీ గుంజేలోపు ఫ్లైకి రెండు మూడు క్షణాల స్వేచ్ఛ దొరుకుతుంది. చేపకు ఆ రెండు మూడు క్షణాలు చాలు. ఇంకో మందు, చేపకూ నాకూ మధ్య పాయలు తగ్గేలా దగ్గరకు పోవడం. దగ్గరకు పోతే చేప చూస్తుంది కదా?

నీళ్ల కింది నుంచి లోకం

చూస్తుంది, కానీ మనం అనుకునేట్టు కాదు. గాలిలోంచి నీళ్లలోకి వచ్చే వెలుగు వంగుతుంది. అందువల్ల చేపకు పైలోకం మొత్తం తల పైన ఒక గుండ్రటి కిటికీలో ఇరుక్కుని కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం 97 డిగ్రీలు. దాని అడ్డుకొలత చేప ఉన్న లోతుకు రెండుంబావు రెట్లు. రెండడుగుల లోతులో ఉన్న చేపకు కిటికీ నాలుగున్నర అడుగులు. కిటికీ అవతల నీటి పైపొర అద్దంలా మారి అడుగునున్న రాళ్లనే చూపిస్తుంది.

దీంట్లోంచి రెండు పనికొచ్చే సంగతులు వస్తాయి. ఒకటి, నీటి మట్టానికి దగ్గరగా ఉన్నవి కిటికీ అంచున నలిగిపోయి, ఉన్నట్టా లేనట్టా కనిపిస్తాయి. వంగి నడిచేవాడు, మోకాళ్ల మీద కూర్చున్నవాడు చేపకు దాదాపు లేనట్టే. నిలబడి చెయ్యెత్తినవాడు కిటికీలోకి తల పెట్టినట్టే. రెండు, చేప మొహం ఎప్పుడూ వడికి ఎదురుగా ఉంటుంది. దాని వెనక, అంటే దిగువ నుంచి పోతే, చాలా దగ్గరకు పోవచ్చు. దిగువ నుంచి ఎగువకు విసిరితే ఫ్లై మన వైపే తేలుతూ వస్తుంది, గుంజుడు కూడా తక్కువ.

పైన తేలే ఫ్లై కిటికీలోకి రాకముందే దాని కాళ్లు నీటి పొరను నొక్కిన చుక్కలు ఆ అద్దంలో మెరుస్తాయి. చేపకు మొదట కనబడేది ఆ చుక్కలు. రంగు, రెక్కలు తర్వాత. అందుకే హుక్కు చుట్టూ కోడిపుంజు మెడ ఈకను చుట్టి, దాని పోగులు నీళ్ల మీద కాళ్లలా నిలిచేలా చేస్తారు. కొనేటప్పుడు మనుషుల కంటికి అందంగా ఉన్న ఫ్లై కొంటాం. నేనూ అవే కొన్నాను.

రాయి తిప్పితే

మూడో రోజే గైడ్ చేసిన ఇంకో పని: పిడికెడు రాయి తీసి తిరగేసి చూపించాడు. తడి రాయి అడుగున, చీమంత నుంచి బియ్యం గింజంత దాకా, చదునుగా అతుక్కుని పాకే జీవాలు. తోక దగ్గర రెండో మూడో సన్నటి పోగులు. పొట్ట పక్కన మొప్పలు ఈకల్లా ఆడుతున్నాయి. పక్కన ఇసుక రేణువులతో కట్టుకున్న చిన్న గొట్టం, అందులోంచి ఒక పురుగు తల బయట పెట్టి మళ్లీ లోపలికి లాక్కుంది. మొదటివి మేఫ్లై పిల్లలు, గొట్టంలోది క్యాడిస్. ఇవి నెలల తరబడి, కొన్ని ఏడాది పైన, ఇలా రాళ్ల కిందే పెరుగుతాయి. ఒక రోజు నీటి పైకి ఈదుకొచ్చి, తోలు చీల్చుకుని, రెక్కలు ఆరబెట్టుకుని ఎగురుతాయి. ఎగిరాక మేఫ్లైకి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. జత కట్టి, గుడ్లు పెట్టి, కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పోతుంది.

మన ఉసిళ్లకు తొలి వాన ముహూర్తం. వీటికి నీటి వేడి, వెలుగు ముహూర్తం. ఒక జాతివన్నీ ఒకేసారి లేస్తాయి. అవి లేచినప్పుడు నదిలో ట్రౌట్‌లన్నీ ఆ ఒక్కదాని మీదే పడతాయి. అదే సైజు, అదే ఆకారం, అదే ఎత్తులో కావాలి. వేరే ఏం పెట్టినా వద్దంటాయి. చిన్నాయిన చెప్పిన పండుగ ఇదే. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు డబ్బాలో వందల బొమ్మలు మోసేది ఇందుకే: ఇవాళ నదిలో ఏ వంట నడుస్తుందో ముందే తెలియదు కాబట్టి.

నీటి మీద తేలేదాన్ని డ్రై ఫ్లై అంటారు, లోపల మునిగి పోయేదాన్ని నింఫ్. ట్రౌట్ తిండి చాలావరకు నీళ్ల లోపలే, రాళ్ల నుంచి జారి కొట్టుకొచ్చే పిల్ల పురుగులే. కాబట్టి చేపలు కావాలంటే నింఫ్ కట్టాలి. చేప మూతి పైకి లేవడం కళ్లారా చూడాలంటే డ్రై ఫ్లై కట్టాలి. ఇంగ్లండ్‌లో దీని మీద మతయుద్ధమే నడిచింది. డ్రై ఫ్లై తప్ప వేరేది మర్యాద కాదన్న హాల్ఫర్డ్ శిష్యులు ఒక వైపు, నింఫ్ కూడా న్యాయమే అన్న స్క్యూస్ ఇంకో వైపు. చెరువు గట్టు మీద బీడీ కాల్చుకునే మనకు ఈ తగువు వింతగానే ఉంటుంది.

బొమ్మ పురుగుతో చేపను మోసం చేయడం పాత విద్యే. మాసిడోనియాలో హుక్కుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి మచ్చల చేపలను పట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ దాదాపు 1,800 ఏళ్ల కిందట రాశాడు. మన వైపు కూడా గాలం రాజుల ఆటే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అని ఒక భాగమే పెట్టాడు. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ ఎర అన్నీ చెప్పాడు. అప్పటికి హన్మకొండ కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులే. ఇంకో సంగతి నాకు ముచ్చటేసింది. ప్రపంచమంతా నింఫ్ ఒంటికి చుట్టే మెరుపు పోగు నెమలి పింఛంలోది. మన నెమలి. పచ్చా కంచూ కలిసిన ఆ మెరుపుకు సాటి వచ్చే ప్లాస్టిక్ ఇంకా రాలేదు.

మన దగ్గర ఎందుకు లేదు

పాకాల చెరువులో ట్రౌట్ వదిలితే ఏమవుతుంది? మొదటి మే నెల దాటదు. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీరు హాయి. 25 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మన చెరువు పైనీరు ఎండాకాలంలో 30 దాటుతుంది.

వేడి ఒక్కటే శత్రువు కాదు. నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఆక్సిజన్ నిలవదు. సముద్ర మట్టంలో 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. రాబడి తగ్గినప్పుడే ఖర్చు పెరిగినట్టు. కొండ మీద గాలి పలచన కాబట్టి అక్కడా కొంత తగ్గుతుంది, కానీ చల్లదనం, రాళ్లకు కొట్టుకుని నురగలెత్తే నీరు ఆ లోటును పూడుస్తాయి. యంత్రాలతో నీటిని చల్లబరిచి, శుద్ధి చేసి మళ్లీ మళ్లీ తిప్పే ట్యాంకుల్లో ట్రౌట్‌ను ఎండ ఊళ్లలోనూ పెంచవచ్చు. కరెంటు బిల్లు కట్టగలిగితే. అక్కడ ఫ్లైతో పని లేదు, వలతో ఎత్తడమే.

ఇప్పుడు మృగశిర నాడు వరంగల్ చేపల బజారుకు పోయి చూడండి. తొట్టిలో వేలెడు నీళ్లు. కొర్రమట్టలు ఒకదాని మీద ఒకటి. గంటలు గడిచినా, బేరం తెగేదాకా, తలకాయ ఎత్తి గుటకేస్తూ బతికే ఉంటాయి. దాని మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంది. నీళ్లలో ఆక్సిజన్ లేకపోతే పైకి వచ్చి గాలి మింగుతుంది. మింగనివ్వకుండా నీళ్లలోనే తొక్కిపెడితే చచ్చిపోతుంది కూడా. ఎండే చెరువులో, బురదలో బతకడానికి పుట్టిన చేప. తెలంగాణ రాష్ట్ర చేప కావడానికి అంతకంటే అర్హత ఏం కావాలి?

అసలు హిమాలయాల్లో కూడా ట్రౌట్ పరాయిదే. బ్రిటిష్ వాళ్లు తమ ఆట కోసం బ్రౌన్ ట్రౌట్ గుడ్లను మంచులో పెట్టి ఓడల మీద తెచ్చారు. 1900 ప్రాంతంలో కశ్మీర్‌లో నిలదొక్కుకుంది, తర్వాతి దశాబ్దంలో కులు లోయకు చేరింది. రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర అమెరికా పసిఫిక్ తీరానిది. హిమాలయాల సొంత చేపను ‘స్నో ట్రౌట్’ అంటారు గానీ దానికి ట్రౌట్‌తో చుట్టరికం లేదు, మన రవ్వ, బొచ్చెల కుటుంబంలోది. పేరు చూసి మోసపోవద్దు. పరాయి ట్రౌట్ వచ్చి సొంత చేపల పిల్లలను, తిండిని తినేస్తుందన్న ఆందోళన శాస్త్రవేత్తలకు ఉంది. మన చెరువుల్లో సొంత చేపలను మింగే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి తెలిసినవాళ్లకు ఆ ఆందోళన వివరించనక్కర్లేదు. నేను ట్రౌట్ వెంట అంత దూరం పోయినవాణ్ణే, అయినా ఇంకో నదిలో కొత్తగా వదులుతామంటే వద్దనే అంటాను.

హిమాచల్‌లో ట్రౌట్ పట్టాలంటే లైసెన్సు కావాలి. గుడ్లు పెట్టే చలికాలంలో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పట్టడం నిషేధం. పట్టినవాళ్లలో చాలామంది వదిలేస్తారు. హుక్కు ముల్లును ముందే నొక్కేస్తారు, చెయ్యి తడి చేసుకునే చేపను ముట్టుకుంటారు. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పొర పోయి రోగాలు పట్టుకుంటాయి. ఇది చెబితే చిన్నాయిన, "పట్టి ఇడిసిపెట్టుడేంది? చార్జీలు దండుగ" అన్నాడు. ఆయనతో నాకు సగమే పేచీ. మన దగ్గర వదలాల్సిన చేప వేరే ఉంది. వానాకాలంలో కొర్రమట్ట ఎర్రెర్రటి పిల్లల గుంపును కాపలా కాస్తుంటుంది. నీళ్ల మీద కుంకుమ కలిపినట్టు ఆ గుంపు మెదులుతుంటుంది. దాని మీంచి కప్పను ఈడిస్తే కాపలా చేప ఆకలితో కాదు, కోపంతో వచ్చి కరుస్తుంది. పట్టడం తేలిక. కాపలా పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. పాత గాలగాళ్లు చాలామంది ఆ గుంపు కనబడితే కర్ర ఎత్తేస్తారు. రబ్బరు కప్పలతో వీడియోలు తీసేవాళ్లకు ఆ పట్టింపు ఉన్నట్టు కనిపించదు.

ఉసిళ్ల ఫ్లై

ఫ్లై గాలం ట్రౌట్ కోసం పుట్టినా, లెక్క ఏ నీళ్లలోనైనా అదే. కాకపోతే పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల నీళ్లలోకి దిగకూడదు, ఊరి చెరువైతే ముందు మత్స్య సహకార సంఘం వాళ్లను అడగాలి. మేం అడిగే కూర్చున్నాం.

పోయిన మృగశిరకు ఉసిళ్లు లేచిన మర్నాడు, అదే చెరువు, అదే గట్టు. ముందు రోజు రాత్రి 14వ నంబరు హుక్కుకు గోధుమ రంగు దారం చుట్టి, రెండు తెల్ల ఈకలు వెనక్కి పడేలా కట్టాను. నా ఫ్లై కర్ర తీసుకుంటే వెనక తుమ్మ చెట్టు. వెనక్కి లాగిన మొదటిసారికే లైన్ కొమ్మలకు చుట్టుకుంది. అది విప్పుకునే పనిలో నేనుంటే, చిన్నాయిన ఆ ఫ్లైని అడిగి తీసుకుని అరచేతిలో పెట్టుకుని ఊదాడు. ఎగిరిపోబోయింది. "దీనికి బరువు లేదు గదరా, ఎట్ల పోతది?" అన్నాడు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

తన వెదురు కర్రకున్న బెండు, సీసం విప్పేశాడు. జేబులోంచి సుతిలి తీసి, రెండు బారలు కొలిచి, కర్ర కొసకు కట్టాడు. దాని చివర మూరెడు నైలాన్, నైలాన్‌కు ఫ్లై. ఒక్కసారి విసిరాడు. సుతిలి తేలికగా గాల్లో తేలి కాళ్ల దగ్గరే పడింది. కాసేపు చూశాడు. తర్వాత సుతిలిని మొత్తం చెరువులో ముంచి, నీళ్లు పట్టేదాకా ఆగి, తీసి, చెర్నకోల ఆడించినట్టు వెనక్కి ఒకటి, ఆగి, ముందుకు ఒకటి. తడిసిన సుతిలి వంపు విప్పుకుంటూ పోయింది. ఫ్లై ఉసిళ్ల మధ్య చప్పుడు లేకుండా వాలింది.

రీలు లేకుండా, కర్ర కొసకే లైన్ కట్టి కొండ వాగుల్లో ఫ్లై వేసే పద్ధతి జపాన్‌లో ఉంది, టెంకారా అంటారని చెబుదామనుకున్నాను. ఈలోపే ఫ్లై పక్కన చిన్న సుడి లేచింది.

"జూడు," అన్నాడు చిన్నాయిన, కర్ర ఎత్తుతూ. చిటికెన వేలంత పరక. తడి చేత్తోనే హుక్కు తీసి, తీసుకెళ్లడానికి తెచ్చుకున్న గిన్నెలో వేసుకున్నాడు.